17 డిగ్రీల అక్షాంశంలో గోటూ ఈక్వటోరియల్ మౌంట్ బిగించడం ఎలా?

చుక్క పేరు ఎంచుకోగానే టెలిస్కోప్‌ను మోటార్లతో అటు తిప్పి, దాని వెంట నడిపించే పీఠమే గోటూ మౌంట్. ఈక్వటోరియల్ రకంలో దాని ఒక అక్షం ఆకాశ ధ్రువం వైపు చూడాలి. ఈ మౌంట్ల గురించి దొరికే పాఠాలు చాలావరకు 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఉన్నవాళ్లు రాసినవి. వాళ్లకు ధ్రువ నక్షత్రం సగం ఆకాశం ఎత్తున ఉంటుంది. మనకు విజయవాడలో 16.5°, హైదరాబాదులో 17.4°, విశాఖలో 17.7° ఎత్తులోనే ఉంటుంది. తిరుపతిలో అయితే 13.6°. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10°. అంటే క్షితిజం మీద రెండు పిడికిళ్లు కూడా నిండని ఎత్తు. మౌంట్ అక్షం దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి ఆ పాఠాల్లో లేని ఇబ్బందులు మనకు కొన్ని వస్తాయి. ఇక్కడి వివరాలన్నీ స్కై-వాచర్ హెచ్‌ఈక్యూ5, ఈక్యూ6-ఆర్ రకం మౌంట్లకూ, వాటితో వచ్చే సిన్‌స్కాన్ హ్యాండ్‌సెట్‌కూ (చేతిలో పట్టుకునే రిమోట్) సరిపోతాయి. వేరే కంపెనీ మౌంట్ అయినా మెనూ పేర్లు మారతాయి గానీ పని ఇదే.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. హ్యాండ్‌సెట్‌లోని కంప్యూటర్ మీ తప్పులు దిద్దదు. మౌంట్ ఎక్కడి నుంచి కదలడం మొదలుపెట్టిందో, అప్పుడు టైం ఎంతో మీరు చెప్పిందే నమ్మి లెక్క కడుతుంది. గ్రహం దొరకలేదంటే తప్పు ఎక్కువగా మొదటి అరగంటలో, మన చేతుల్లోనే జరిగి ఉంటుంది.

చోటు ఎంచుకోవడం

పగలే డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. పోలార్ స్కోప్ (ధ్రువ నక్షత్రాన్ని చూసేందుకు మౌంట్ అక్షం లోపల ఉండే చిన్న దుర్భిణి) దగ్గర మీ కన్ను ఉండే ఎత్తు కంటే 10 అడుగులు పైకి లేచిన గోడ గానీ, వాటర్ ట్యాంకు గానీ ఉత్తరాన 32 అడుగుల లోపు ఉంటే హైదరాబాదులో ధ్రువ నక్షత్రం దాని వెనకే ఉండిపోతుంది. 20 అడుగులు లేస్తే 64 అడుగుల దూరం కావాలి. ధ్రువ కనబడే మూల ఒక్కటైనా దొరికితే అదే మీ చోటు. అసలు దొరకకపోయినా దారి ఉంది, కింద చెబుతాం.

స్లాబు మధ్యభాగం ఎక్కువగా అదురుతుంది. ట్రైపాడ్ కాళ్లు కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోటికి దగ్గరగా పెట్టండి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఎవరు నడిచినా చుక్కలు గీతలవుతాయి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా చూడకండి, ఆ వేడిగాలికి బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. వేసవిలో స్లాబు కూడా రాత్రి చాలాసేపటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు చల్లి ఆరనిస్తే తేడా కనిపిస్తుంది.

ట్రైపాడ్, బరువుల కడ్డీ

ట్రైపాడ్ తలమీద నిలబడి ఉండే చిన్న పిన్ను ఉత్తరం వైపు రావాలి. ఫోన్ దిక్సూచి చాలు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా సుమారు ఒక డిగ్రీ లోపే. కానీ ఫోన్‌ను మౌంట్‌కు ఆనించి చూడకండి, ఇనుము సూదిని లాగేస్తుంది. నాలుగు అడుగులు దక్షిణంగా నిలబడి చూసి, నేల మీద సుద్దతో ఉత్తరపు గీత గీసుకోండి. తాపీమేస్త్రీ వాడే రసమట్టం ట్రైపాడ్ తలమీద రెండు దిక్కుల్లో పెట్టి మట్టం సరిచేయండి.

తక్కువ అక్షాంశంలో మొదట తగిలే చిక్కు ఇక్కడే ఉంది. అక్షం 17 డిగ్రీలకే వాలి ఉంటుంది కాబట్టి టెలిస్కోప్‌కు ఎదురుతూకంగా ఉండే బరువుల కడ్డీ దాదాపు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. సరిగ్గా అక్కడే ఉత్తరపు కాలు ఉంటుంది. గోటూ తిప్పగానే బరువు వెళ్లి కాలికి కొట్టుకుని, మోటారు కిర్రుమని ఆగిపోతుంది. దానికి మూడు ఉపాయాలున్నాయి. పిన్నును ఎదుటి రంధ్రంలోకి మార్చుకునే వీలున్న ట్రైపాడ్ అయితే ఒక కాలు దక్షిణానికి, రెండు కాళ్లు ఉత్తరానికి వచ్చేలా తిప్పండి, బరువులు ఆ రెంటి మధ్య ఖాళీలో తిరుగుతాయి. అది కుదరకపోతే రెండు బరువులూ వేసి కడ్డీ పైభాగంలోనే బిగించండి. ఒక్క బరువును కడ్డీ చివర పెట్టడం కంటే ఇది అన్ని విధాలా మేలు. మూడోది, ట్రైపాడ్‌కూ మౌంట్‌కూ మధ్య ఎక్స్‌టెన్షన్ పిల్లర్ వేయడం. దీర్ఘకాలం వాడదలచినవాళ్లకు మా ఓటు పిల్లర్‌కే, ఎందుకంటే బరువులతో పాటు పొడుగాటి టెలిస్కోప్ గొట్టం తోక కాళ్లకు తగిలే బెడద కూడా దానితో తగ్గుతుంది. ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించే గీత) సుమారు 17 డిగ్రీలు ఉత్తరంగా ఉన్న చుక్కలు మనకు దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. రోహిణి, స్వాతి అలాంటివే. అటు తిప్పినప్పుడు గొట్టం నిలువుగా నిలబడి, కెమెరా కాళ్ల మధ్యకు దిగుతుంది.

ఏ ఉపాయం వాడినా, కరెంటు ఇవ్వకముందే క్లచ్‌లు (అక్షాలను బిగించే మీటలు) వదిలి చేత్తో నిదానంగా అన్ని వైపులా తిప్పి చూడండి. ఎక్కడ తగులుతుందో పగలే తెలిసిపోవాలి.

అక్షాంశం, బరువుల సమతూకం

మౌంట్ పక్కనున్న స్కేలు మీద మీ ఊరి అక్షాంశం పెట్టండి. ముందూ వెనకా ఉండే రెండు బోల్టులు ఎదురెదురుగా నెడతాయి. ఒకదాన్ని సగం చుట్టు వదిలాకే రెండోది బిగించండి. రెండూ ఒకేసారి బిగించి బలం పెడితే బోల్టు వంగుతుంది. ఈ మౌంట్లలో తరచూ పాడయ్యే భాగం అదే. చివరి సవరణ ఎప్పుడూ మౌంట్‌ను పైకి లేపుతూ ముగించండి, బరువుకు అది మళ్లీ జారదు.

ముందు బరువులు ఎక్కించాలి, తర్వాతే టెలిస్కోప్. కడ్డీ చివరి మర తప్పకుండా బిగించండి. బరువు జారినా పాదం మీద పడకుండా ఆపేది అదే. ఇప్పుడు టెలిస్కోప్, ఫైండర్ (గురి చూసే చిన్న దుర్భిణి), ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) లేదా కెమెరా, మంచు గొట్టం (అద్దం మీద మంచు పడకుండా ముందు తొడిగేది), అన్నీ తగిలించండి. కేబుళ్లు కూడా. సగం సామానుతో తూచిన తూకం తర్వాత పనికిరాదు.

ఆర్‌ఏ (ధ్రువం వైపు చూసే అక్షం) క్లచ్ వదిలి కడ్డీని నేలకు సమాంతరంగా తెచ్చి, బరువులు జరుపుతూ ఎటూ వాలకుండా చూడండి. ఆ క్లచ్ బిగించి, డెక్ (దానికి అడ్డంగా ఉండే రెండో అక్షం) క్లచ్ వదిలి, గొట్టాన్ని సమాంతరంగా పెట్టి గొట్టం కింది డవ్‌టెయిల్ పట్టీని ముందుకూ వెనక్కూ జరపండి. ఆ పట్టీని పట్టి ఉంచే శాడిల్ మర వదిలేటప్పుడు రెండో చెయ్యి గొట్టం కింద ఉండాలి. ఫోటోలు తీసేవాళ్లు తూర్పు వైపు రవ్వంత బరువు ఎక్కువ ఉంచితే పళ్లచక్రాలు ఒకే వైపు ఆనుకుని, ట్రాకింగ్ నిలకడగా ఉంటుంది. మౌంట్ మోయగలదని కంపెనీ చెప్పే బరువులో, ఫోటోలకైతే మూడింట రెండు వంతులు దాటకండి.

హోమ్ పొజిషన్

కడ్డీ కిందికి, గొట్టం ధ్రువం వైపుకు ఉండటమే హోమ్ పొజిషన్. కంటి అంచనాతో పెడితే ఐదారు డిగ్రీల తప్పు రావడం మామూలే, అప్పుడు మొదటి చుక్క ఫైండర్‌లో కూడా కనబడదు. ఒక్కసారి కష్టపడి గుర్తు పెట్టుకుంటే జన్మంతా సరిపోతుంది:

1. ట్రైపాడ్ మట్టం సరిగ్గా ఉందో లేదో మళ్లీ చూసి, కడ్డీ మీద రసమట్టం పెట్టి సమాంతరం చేయండి.
2. ఆర్‌ఏ అక్షం చుట్టూ గంటలు గీసిన వలయాన్ని 6 గంటల గుర్తుకు తిప్పి ఆపండి. కడ్డీని కిందికి తిప్పుతూ వలయం మీద 6 గంటలు కదిలించండి. అది 90°, కడ్డీ సరిగ్గా కిందికి వస్తుంది. అక్కడ కదిలే భాగానికీ కదలని భాగానికీ కలిపి తెల్ల టేపు అంటించి, గీత గీసి, మధ్యలో కోయండి.
3. కడ్డీని మళ్లీ సమాంతరం చేసి, గొట్టాన్ని ఉత్తరం వైపు నేలకు సమాంతరంగా పెట్టండి. డెక్ వలయం మీద మీ అక్షాంశమంత, హైదరాబాదులో 17.4°, గొట్టాన్ని పైకి ఎత్తండి. ఇప్పుడు గొట్టం అక్షానికి సమాంతరం. ఇక్కడా టేపు గుర్తు పెట్టండి.

ఇకమీదట ప్రతి రాత్రీ టేపు గీతలు కలిపితే చాలు.

ధ్రువానికి సరిచేయడం

ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు. సుమారు 40 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం) దూరంలో దాని చుట్టూ తిరుగుతుంది. పోలార్ స్కోప్‌లోని గడియారం లాంటి వలయం అందుకే. హ్యాండ్‌సెట్‌లో స్థలం, సమయం ఇచ్చాక "పొలారిస్ పొజిషన్" అని ఒక గంట చూపిస్తుంది. 5:20 అని వస్తే, గడియారంలో చిన్నముల్లు 5:20కి ఎక్కడ ఉంటుందో వలయం మీద అక్కడికి చుక్కను తేవాలి. మౌంట్ కింద ఉన్న ఎత్తు, దిక్కు బోల్టులతోనే తేవాలి. బాణాల మీటలు ముట్టుకోవద్దు.

పోలార్ స్కోప్‌లో చీకటి తప్ప ఏమీ కనబడకపోతే ముందు మూత, వెనక మూత రెండూ తీశారా చూడండి. తీసినా చీకటేనా? డెక్ అక్షాన్ని 90° తిప్పండి, అప్పుడే లోపలి రంధ్రం తెరుచుకుంటుంది. పని అయ్యాక మళ్లీ టేపు గుర్తుకు తెచ్చేయండి. 17 డిగ్రీల వాలులో పోలార్ స్కోప్‌లోకి చూడాలంటే మోకాళ్ల మీద కూర్చుని మెడ వంచాలి. 90° వంపు అద్దం ఉన్న వ్యూయర్ కొనుక్కుంటే నడుము బతుకుతుంది.

అది ధ్రువమేనని ఎలా నిర్ధారించుకోవాలి? వేసవి సాయంత్రాల్లో సప్తర్షి మండలంలోని పులహుడు, క్రతువు కలిపిన గీతను ఆ రెంటి మధ్య దూరానికి ఐదు రెట్లు పొడిగించండి. నవంబరు, డిసెంబరు సాయంత్రాల్లో సప్తర్షులు క్షితిజం కింద ఉంటారు. అప్పుడు డబ్ల్యూ ఆకారంలో ఉండే కాసియోపియా వైపు నుంచి వెతకాలి. పొగ, తేమ ఉన్న రాత్రి అంత కిందున్న చుక్క మామూలు కంటికి కనబడకపోవచ్చు. బైనాక్యులర్ పక్కన ఉంచుకోండి.

అసలే కనబడని చోట రెండు దారులున్నాయి. కెమెరా, ల్యాప్‌టాప్ ఉంటే నైనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ ప్లగిన్ ఆకాశంలో ఏ వైపైనా మూడు ఫోటోలు తీసి, బోల్టులు ఎటు ఎంత తిప్పాలో చెబుతుంది. ధ్రువం కనబడక్కర్లేదు. కెమెరా లేకపోతే చుక్కల జారుడు చూసి సరిచేయాలి. గీతలున్న ఐపీస్‌లో, నడినెత్తి గీతకు (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే ఊహారేఖ) దగ్గరగా ఖగోళ మధ్యరేఖ మీదున్న చుక్కను పెట్టి ఐదు నిమిషాలు చూడండి. అది దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువైంది, ఉత్తరానికి జారితే పడమరకు. తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న చుక్క చూడండి. దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి. తూర్పు, పడమర జారుడు పట్టించుకోకండి.

ఎంత కచ్చితంగా ఉండాలి? అక్షం 1° తప్పితే చుక్క నిమిషానికి గరిష్ఠంగా దాదాపు 16 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో 60వ వంతు ఒక ఆర్క్ సెకను) జారుతుంది. 5 ఆర్క్ నిమిషాలు తప్పితే 1.3 ఆర్క్ సెకన్లే. ఫోటో తీయకుండా ఐపీస్‌లో శనివలయాలు చూసేవాళ్లకు అర డిగ్రీ తప్పున్నా ఫరవాలేదు. మూడు నిమిషాల ఫోటోకు 5 ఆర్క్ నిమిషాల లోపు తేవాలి, గైడ్ కెమెరా (ఒక చుక్కను గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దేది) కూడా ఉండాలి.

కరెంటు

మౌంట్‌కు 12 వోల్టులు, 3 నుంచి 4 ఆంపియర్లు ఇవ్వగల సప్లై కావాలి. ప్లగ్ మధ్య పిన్ను ప్లస్. రౌటర్ అడాప్టర్ పెట్టి, తిరగడం లేదని మౌంట్‌ను తప్పుపట్టకండి. యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మౌంట్‌ను కొన్ని గంటలు నడుపుతుంది గానీ, మంచు హీటర్ కూడా దానికే తగిలిస్తే త్వరగా దిగిపోతుంది. మౌంట్ మీది ఎర్ర దీపం మినుకుమినుకుమంటే వోల్టేజి పడిపోయిందని అర్థం. అప్పుడు గోటూ దారి తప్పుతుంది, హ్యాండ్‌సెట్ మధ్యలో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాటరీ బాగున్నా సన్నటి పొడుగాటి వైరు కూడా ఇదే పని చేస్తుంది.

హ్యాండ్‌సెట్‌లో వివరాలు

ఎక్కువమంది పొరపాటు పడేది ఈ నాలుగు చోట్ల.

అక్షాంశ, రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాల్లో ఇవ్వాలి. ఫోన్ మ్యాప్‌లో 17.4 అని కనిపిస్తే అది 17°40' కాదు, 17°24'. దశాంశాన్ని 60తో గుణించాలి. హైదరాబాదు నడిబొడ్డుకు 78°29' తూర్పు, 17°23' ఉత్తరం. తూర్పుకు బదులు పడమర అక్షరం ఉండిపోతే ఆకాశమే మారిపోతుంది.

టైం జోన్ +05:30. డేలైట్ సేవింగ్‌కు ఎప్పుడూ నో.

తేదీ నెలతో మొదలవుతుంది. 2026 మే 8ని 05/08/2026 అని కొట్టాలి. మన అలవాటులో 08/05 అని కొడితే అది ఆగస్టు 5 అవుతుంది, 89 రోజుల తేడా. కంప్యూటర్ లెక్కలో ఆకాశం దాదాపు 88° తిరిగిపోతుంది, గొట్టం నేల వైపు చూస్తుంది.

గంటలు 24 గంటల పద్ధతిలో ఇవ్వండి. రాత్రి 8:15 అంటే 20:15.

చుక్కలతో అలైన్‌మెంట్

తెలిసిన చుక్కలను ఐపీస్ మధ్యకు తెచ్చి, ఏది ఎక్కడుందో మౌంట్‌కు చూపించడమే అలైన్‌మెంట్. హ్యాండ్‌సెట్ ఇంగ్లిష్ పేర్లే చూపిస్తుంది. పంచాంగం పేర్లు తెలిసినవాళ్లకు ఇది సాయపడుతుంది: ఆల్డెబరాన్ రోహిణి, బెటెల్‌గ్యూస్ ఆర్ద్ర, పొలక్స్ పునర్వసు, రెగ్యులస్ మఘ, స్పైకా చిత్త, ఆర్క్‌టరస్ స్వాతి, ఆంటారెస్ జ్యేష్ఠ, వేగా అభిజిత్, ఆల్టేర్ శ్రవణం, కెనోపస్ అగస్త్యుడు.

అగస్త్యుడు కాంతివంతుడే గానీ అలైన్‌మెంట్‌కు వద్దు. హైదరాబాదులో అతని గరిష్ఠ ఎత్తు 20 డిగ్రీలే, అక్కడ గాలి వంపు చుక్కను దాదాపు 3 ఆర్క్ నిమిషాలు పైకి లేపి చూపిస్తుంది. 30 నుంచి 70 డిగ్రీల ఎత్తులో ఉన్నవి ఎంచుకోండి. మొదటి రెండూ నడినెత్తి గీతకు ఒకే వైపున, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మూడోది గీతకు అవతలి వైపు ఉండాలి. గొట్టం శాడిల్ మీద కొద్దిగా వంకరగా కూర్చున్న తప్పును హ్యాండ్‌సెట్ ఈ మూడో చుక్కతోనే పసిగడుతుంది. డిసెంబరు మధ్యలో రాత్రి 9కి తూర్పున రోహిణి, కపెల్లా, రైజెల్, బెటెల్‌గ్యూస్ ఉంటాయి, పడమర డిఫ్డా ఉంటుంది. ఏప్రిల్ మధ్యలో అదే వేళకు తూర్పున స్వాతి, చిత్త ఉంటాయి, పడమర ప్రోసియాన్, పొలక్స్ ఉంటాయి.

మౌంట్ దానంతటదే తిరిగి ఆగాక, ఫైండర్‌లో చూసి, తర్వాత ఎక్కువ మాగ్నిఫికేషన్ ఐపీస్‌లో చుక్కను నడిమధ్యకు తేవాలి. చివరి జరుపుడు ఎప్పుడూ పై బాణం, కుడి బాణాలతోనే ముగించండి. దాటిపోతే వెనక్కి వచ్చి మళ్లీ అదే దిశలో తీసుకురండి. పళ్లచక్రాల మధ్య సందు ప్రతిసారీ ఒకే వైపు మూసుకోవాలి కదా, దానికోసమే ఈ పట్టింపు. ఇంకా కచ్చితంగా కావాలంటే చుక్కను ఫోకస్ తప్పించి పెద్ద గుండ్రం చేయండి, గుండ్రాన్ని మధ్యలో పెట్టడం చుక్క కంటే తేలిక.

మొదటి చుక్క ఎప్పుడూ కొంత తప్పుతుంది, కంగారు పడకండి. రెండోది, మూడోది దగ్గరగా రావాలి. రెండో చుక్కే కొన్ని డిగ్రీలు తప్పితే, బహుశా మీరు వేరే చుక్కను మధ్యలో పెట్టారు. గ్రహాన్ని చుక్క అనుకోవడం అందులో ముఖ్యం. పునర్వసు జంటలో క్యాస్టర్‌కు బదులు పొలక్స్ పెట్టడం మరొకటి. అలైన్‌మెంట్ అయ్యాక ఎవరైనా కాలు తగిలించి ట్రైపాడ్ జరిపితే మళ్లీ హోమ్ నుంచి మొదలుపెట్టాలి, వేరే దారి లేదు.

పగలు ఈ మౌంట్‌ను వెలిగిస్తే సూర్యుడి మీదుగా గొట్టం తిరగవచ్చు. సరైన సూర్య ఫిల్టర్ ముందు భాగంలో బిగించకుండా, ఫైండర్‌కు మూత పెట్టకుండా ఆ పని చేయొద్దు. క్షణంలో చూపు పోతుంది.

ల్యాప్‌టాప్ కలపడం

మౌంట్ మీది హ్యాండ్‌సెట్ సాకెట్ చూడటానికి ల్యాన్ సాకెట్‌లా ఉంటుంది. అందులో నెట్‌వర్క్ కేబుల్ పెట్టొద్దు. అందులో కరెంటు ఉంటుంది. మామూలు సీరియల్ కేబుల్‌ను నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది. మౌంట్‌కే యూఎస్‌బీ సాకెట్ ఉంటే ప్రింటర్ కేబుల్ చాలు, లేకపోతే ఈక్యూడిర్ అనే ప్రత్యేక కేబుల్ కొనాలి. ల్యాప్‌టాప్‌లో యాస్కామ్ (ఖగోళ పరికరాలను కలిపే సాఫ్ట్‌వేర్), దానిమీద ఈక్యూమాడ్ లేదా గ్రీన్ స్వాంప్ సర్వర్ (మౌంట్‌ను నడిపే డ్రైవర్లు), ఆపైన స్టెల్లేరియం (ఆకాశ పటం), ఈ వరసలో వేసుకోండి. ఈక్యూమాడ్‌లో కూడా అక్షాంశ, రేఖాంశాలు విడిగా ఇవ్వాలి. హ్యాండ్‌సెట్‌లో ఇచ్చాం కదా అని వదిలేస్తే పాత తప్పులన్నీ తిరిగొస్తాయి. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా పవర్ సెట్టింగు మార్చండి.

కెమెరా ఉన్నవాళ్లు యాస్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్లేట్ సాల్వింగ్ నేర్చుకోవాలి. గొట్టం ఎటు చూస్తోందో అది ఫోటోలోని చుక్కల అమరికను బట్టి కనిపెట్టి, మౌంట్‌కు చెప్పి, మళ్లీ తిప్పిస్తుంది. మూడు చుక్కల తతంగం దానితో తప్పుతుంది. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్, కెమెరా పిక్సెల్ సైజు తప్పు ఇస్తే మాత్రం ఎంతసేపు వెతికినా ఫలితం రాదు. వస్తువు నడినెత్తి గీత దాటాక గొట్టాన్ని రెండో వైపుకు తిప్పించాలి, నైనా లాంటి సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. ఆ కుదుపులో కేబుళ్లు చిక్కుకోకుండా కొంచెం వదులు ఉంచి, అన్నీ కలిపి ఒక కట్టగా కట్టండి. మొదటిసారి పక్కన నిలబడి చూడండి.

మంచు, సర్దుకోవడం

కోస్తాలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో అర్ధరాత్రికి అద్దం మీద మంచు పడుతుంది. మంచు గొట్టం, 12 వోల్టుల హీటర్ పట్టీ రెండూ వాడండి. పడిన మంచును గుడ్డతో తుడవకండి. హెయిర్ డ్రైయర్‌తో దూరం నుంచి గోరువెచ్చగా ఊదండి.

ముగించేటప్పుడు మెనూలో పార్క్ (మౌంట్‌ను ఒక స్థానంలో ఆపి ఉంచే ఆదేశం) నొక్కి, ఆగాక కరెంటు తీయండి. ముందు టెలిస్కోప్ దించి, తర్వాత బరువులు తీయాలి. తారుమారు చేస్తే గొట్టం వేగంగా కిందికి తిరిగి ట్రైపాడ్‌కు కొట్టుకుంటుంది. అద్దం తడిగా ఉంటే మూత పెట్టకుండా ఇంట్లో ఆరనిచ్చి, తర్వాతే మూయండి. వర్షాకాలం నెలలు పెట్టెలోనే ఉండిపోతే అద్దం మీద బూజు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగినప్పుడల్లా, వంటకు వాడని పాత మూకుడులో సన్న సెగ మీద మళ్లీ నీలం అయ్యేదాకా వేయించి చల్లార్చి పెట్టండి.